ఎనభై శాతం

బ్యాంకులో లోన్లు చూసే ఆఫీసరు చెడ్డవాడేం కాదు. అందుకే ఆ మాట అడిగేముందు పెన్ను పక్కన పెట్టి గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీ పాపకు పుట్టినప్పటి నుంచే ఉందా, మధ్యలో వచ్చిందా?"

రుఖయ్యా అర్థంకాక చూసింది. "ఏమొచ్చింది సార్?"

ఆయన ఇబ్బంది పడుతూ కాగితం ఆమె వైపు తిప్పాడు. ఇల్లు కట్టుకోవడానికి లోను కావాలంటే మూడేళ్ల ఇన్‌కంటాక్స్ రిటర్నులు తెమ్మన్నారు. ఆమె నిన్ననే తెచ్చి ఇచ్చింది. అందులో ఒక గడి మీద ఆయన వేలు పెట్టాడు.

"ఇక్కడ రాశారు కదమ్మా. మీ మీద ఆధారపడిన కూతురు, తీవ్ర వైకల్యం, ఎనభై శాతం పైన. మూడేళ్లూ ఇదే చూపించారు. మందులకు నెలకెంత పోతుందో తెలిస్తే, మీరు ఎంత వాయిదా కట్టగలరో లెక్క వేద్దామని అడిగాను. తప్పుగా అనుకోకండి."

పక్కనే ఆధార్ నంబరుంది. చివరి నాలుగంకెలు రుఖయ్యాకు కంఠతా వచ్చు. స్కాలర్‌షిప్పుకూ, కాలేజీ ఫీజుకూ, బస్సు పాసుకూ లెక్కలేనన్ని సార్లు తన చేత్తో రాసిన అంకెలవి. నాజియావే. నర్సింగు రెండో ఏడు చదువుతూ, పొద్దున ఏడింటికే బస్సెక్కి వెళ్లి, రోజంతా దవాఖాన వార్డులో మంచం మంచానికీ తిరిగే నాజియా.

"నా బిడ్డకు ఏం లేదు సార్," అంది రుఖయ్యా. గొంతు ఆమెకు తెలియకుండానే పైకి లేచింది. "ఆమె నర్సు కోర్సు చదువుతున్నది. ఎవడు రాసిండు గిది?"

"మీ రిటర్నే కదమ్మా ఇది," అన్నాడాయన. అంటూ ఉండగానే ఆయన ముఖం మారిపోయింది. అప్పటిదాకా ఉన్న జాలి పోయి, అనుమానం వచ్చి కూర్చుంది. ఫైలు మూసి ఇచ్చేశాడు. "ఇది సరిచేసుకుని రండి. అప్పటిదాకా లోను సంగతి మాట్లాడలేం."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది రుఖయ్యా. ఎండ చురుక్కుమంటోంది. జాలి పడ్డప్పటి ఆ ఆఫీసరు ముఖం, అనుమానించినప్పటి ముఖం రెండూ ఆమెకు కళ్ల ముందే ఉన్నాయి. రెంటిలో ఏది తనను ఎక్కువ మండించిందో ఆమెకే తెలియలేదు.

ఆమె భర్త మహబూబ్ పోయి ఆరేళ్లయింది. ఒకరోజు డ్యూటీలోనే గుండెనొప్పితో కూలబడ్డాడు. ఆయన స్థానంలో రుఖయ్యాకు బొగ్గుగనుల కంపెనీ ఉద్యోగమిచ్చింది. సెంటినరీ కాలనీలో క్వార్టరు, బాయి మీద ల్యాంపు రూంలో పని. బొగ్గుబాయిలోకి దిగే వాళ్లకు కిటికీలోంచి టోపీ లైట్లు అందించాలి. షిఫ్టు దిగి పైకొచ్చాక నంబరు చూసి తీసుకుని ఛార్జింగుకు పెట్టాలి. ఒక్క లైటు వెనక్కి రాకపోయినా మనిషి కిందనే ఉన్నాడని అర్థం. అందుకని ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదు.

జీతం పెరిగి పన్ను కోత మొదలైనప్పుడు, "భూపాల్ దగ్గరికి పో చెల్లె, కట్టయింది కట్టయినట్టే వాపసు తెప్పిస్తడు," అని చెప్పినవాడు మత్తయి. బొగ్గు బండ్లను పైకి లాగే హాలేజ్ ఇంజిన్ నడుపుతాడు. ముప్పై ఏళ్ల సర్వీసు. ఆదివారం చర్చికి పోవడం ఒక్కపూట మానడు. మహబూబ్ జనాజాకు భుజం పెట్టిన నలుగురిలో ఒకడు. ఆయన మాటంటే రుఖయ్యాకు గురి.

గోదావరిఖనిలో రిటర్నులు వేసిపెట్టే భూపాల్ దుకాణం అద్దాల తలుపులతో, ఏసీతో చల్లగా ఉంటుంది. జీతం, పన్ను కోత చూపించి కంపెనీ ఇచ్చే ఫారం-16 ఇమ్మన్నాడు, ఇచ్చింది. ఫ్యామిలీ వివరాలకు బిడ్డ ఆధార్ కావాలన్నాడు, ఇచ్చింది. ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పమన్నాడు, చెప్పింది. కంపెనీకిచ్చే కాగితంలో పన్నుకు పాత పద్ధతి అని టిక్కు పెట్టమంటే పెట్టింది. నెలన్నరలో ఖాతాలో డబ్బు పడింది. అందులో ఐదో వంతు భూపాల్‌కు ఫోనులోనే పంపింది. మొదటి ఏడు ఇరవై ఎనిమిది వేలు, ఏరియర్సు వచ్చిన తర్వాతి ఏడు నలభై ఒకటి, మొన్న ముప్పై మూడు. ఎట్లా వచ్చిందని ఒక్కసారీ అడగలేదు.

ఆ సంగతి గుర్తొచ్చేసరికి కోపం రెట్టింపైంది. బస్సు కోసం ఆగకుండా ఆటో ఎక్కి నేరుగా ఆ దుకాణానికి పోయింది.

ముగ్గురు నలుగురు కార్మికులు ఫారాలు పట్టుకుని కుర్చీల్లో కూర్చున్నారు. భూపాల్ నవ్వుతూ, "రా అక్కా, లోను పనయిందా?" అన్నాడు.

రుఖయ్యా కూర్చోలేదు. "తమ్మీ, నా బిడ్డ ఎప్పుడన్న నీ దుకాణంకొచ్చిందా?"

"లేదక్కా. ఎందుకు?"

"మరి ఆమెకు కాళ్లు చేతులు పనిచేస్తలేవని నీకెట్ల తెలిసింది?"

కుర్చీల్లో ఉన్నవాళ్లు తలెత్తారు. భూపాల్ నవ్వు ఆపకుండానే కాగితం తీసుకుని చూశాడు. "ఓ, గిదా! గిది సెక్షనక్కా. మనిషి గురించి రాసేది కాదు, పన్ను గురించి రాసేది."

"పేరు వెట్టి, ఆధార్ నంబర్ వెట్టి రాసినవ్. మనిషి గురించి కాదంటవేంది?"

"నిమ్మళంగ మాట్లాడక్కా. అందరికి ఏదో ఒకటి రాస్తం. ఒకలకు ఇంటి కిరాయి, ఒకలకు పార్టీ చందా. నువ్వు క్వార్టర్ల ఉంటవ్, కిరాయి రాయరాదు. బిడ్డ ఉన్నది, గది పెట్టిన."

"బిడ్డ ఉన్నది, గది పెట్టిన," అని రుఖయ్యా ఆ మాటను తిరిగి పలికింది. మార్కెట్లో ఒక కూర లేకపోతే ఇంకో కూర వేసినంత తేలిగ్గా అన్నాడు వాడు. "నా బిడ్డ రేపు నర్సు నౌకరికి పోతది. గవర్నమెంటు కాగితం మీద ఆమె లేవలేని మనిషి. ఎవరన్న తీసి చూస్తే ఆమె ఏమని జవాబు చెప్పాలె?"

"ఎవ్వడు చూడడక్కా."

"బ్యాంకోడు చూసిండు!"

అప్పుడు భూపాల్ నవ్వు మానేశాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, కూర్చున్నవాళ్లకు వినపడకుండా మాట్లాడాడు. "చూడక్కా. ఈ కాగితాలల్ల నా పేరెక్కడన్న ఉన్నదా? పాన్ నీది. ఓటీపీ నీది. పైసలు నీ ఖాతాల పడ్డయ్. పడ్డప్పుడు అడగకపోతివి, ఇప్పుడడుగుతున్నవ్. నువ్వు ఎక్కడికి పోయి చెప్పినా ముందుగాల పట్టేది నిన్నే. ఇంటికి పో."

వాడు చెప్పింది అబద్ధమైతే రుఖయ్యా తిట్టి ఉండేది. నిజం కాబట్టే కాగితాలు లాక్కుని బయటికి నడిచింది.

ఇంట్లో తల్లీబిడ్డలు మాట్లాడుకునేది దక్కనీలో. సాయంత్రం నాజియా డ్యూటీ నుంచి వచ్చి ఆ కాగితం చదివి మొదట పకపకా నవ్వింది. "ఎనభై శాతమంటే తెలుసా అమ్మీ? నాకు నేను లేచి గ్లాసు నీళ్లు గూడ తాగలేను. ఇయ్యాల పదకొండు మందికి పక్కలు మార్చి వచ్చిన!"

"నవ్వకు. నీ మీద గింత చెడ్డ రాత రాస్తే నవ్వు ఎట్ల వస్తది నీకు?"

నాజియా నవ్వు ఆగింది. కాగితం పక్కన పెట్టి, "చెడ్డ రాత అనకమ్మీ," అంది. "అవిటితనం తిట్టు కాదు. శిరీషకు ఎంత రాసిన్రు?"

కాలనీలో క్వార్టర్ల లైన్లు ఊడ్చే కాంట్రాక్టు పనిమనిషి పూలమ్మ కూతురు శిరీష. నాజియా వయసుదే. పుట్టుకతోనే మెదడుకు దెబ్బ తగిలి నడక లేదు, మాట లేదు. కాలనీ వెనక రేకుల ఇంట్లో మంచం మీదే పంతొమ్మిదేళ్లు. ఆ పిల్లకు వికలాంగుల సర్టిఫికెట్ కోసం పూలమ్మ సదరం క్యాంపుకు మూడుసార్లు బయల్దేరింది. మొదటిసారి స్లాటు దొరకలేదు. రెండోసారి దారిలోనే ఫిట్సు వచ్చి వెనక్కి తిరిగారు. మూడోసారి పిల్లను వీపు మీద వేసుకుని మెట్లెక్కింది. ఆటో డబ్బులకు రుఖయ్యానే మూడొందలు సాయం చేసింది. అప్పుడు డాక్టర్లు రాసింది ఎనభై శాతం.

"నా గురించి అబద్ధం రాసిండని కాదు నాకు కోపం," అంది నాజియా. "శిరీషకు ఉన్నదాన్ని నాకు రాసి పైసలు గుంజిండు. రేపు నిజంగ ఉన్నోల్లు పోయి అడిగితే, మీరు గూడ దొంగలేనా అని చూస్తరు. గందుకు."

మర్నాడు పొద్దున పూలమ్మ చీపురుతో లైనులోకి వచ్చింది. రుఖయ్యాకు లోపలికి పోయి తలుపు వేసుకోవాలనిపించింది. కాని చెప్పకుండా ఆ మనిషి ముఖం రోజూ చూడటం తనవల్ల కాదు. గడప దిగి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

పూలమ్మ ఊడ్వడం ఆపి వింది. "ఎంతొచ్చిందక్కా గట్ల రాస్తే?"

"మూడేండ్లకు లక్ష."

"నా బిడ్డకు నెలకు నాలుగు వేల పదహార్ల పింఛిని. గది ఒక్క నెల ఆగితే ఆమె మందులు ఆగుతయ్." పూలమ్మ గొంతు పెద్దది కాలేదు. అదే భరించడం కష్టమైంది. "నా బిడ్డ కష్టాన్ని నీ కాగితం మీద వెట్టుకొని పైసలు తెచ్చుకున్నవా అక్కా?"

"నేను వెట్టలేదు పూలమ్మా. నాకు తెల్వదు."

"వెట్టనిచ్చినవ్," అని పూలమ్మ మళ్లీ వంగి ఊడ్చుకుంటూ పోయింది.

ఆ వారంలోనే నాజియా, వాళ్ల కాలేజీ లెక్కలు చూసే ఆడిటరు పేరు కనుక్కుని వచ్చింది. పెద్దపల్లిలో ఉంటుంది, హర్షిణి అని, చార్టర్డ్ అకౌంటెంటు. రుఖయ్యా సెలవు పెట్టి బిడ్డను వెంట తీసుకుని వెళ్లింది. ఏసీ లేని చిన్న గది. గోడకు ఆమె సర్టిఫికెట్, సభ్యత్వ నంబరు. ముప్పై దాటని మనిషి.

రుఖయ్యా కూర్చోకముందే అడిగింది. "మేడం, నువ్వెంత పర్సెంటు తీసుకుంటవ్?"

"పర్సెంటు తీసుకోనమ్మా," అంది హర్షిణి. "పనికి ఇంత అని ముందే చెప్త, రసీదు ఇస్త. మీకు రీఫండు పెరిగినకొద్దీ నా డబ్బు పెరుగుతుంటే, నేను మీకు నిజం ఎందుకు చెప్త? అట్లా అడిగేవాళ్లు ఎవరైనా సరే, అక్కడి నుంచే లేచి రావాలె."

ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డు మార్చి ఇన్‌కంటాక్స్ పోర్టల్ తెరిచింది. రుఖయ్యా పేరు మీదున్న ఖాతాలో ఫోను నంబరూ, మెయిలూ రెండూ భూపాల్‌వే. వచ్చిన ఉత్తరాల్లో ఒకటి రెండు నెలల కిందటిది. మీరు కోరిన మినహాయింపు సరైనదేనా చూసుకోండి, తప్పయితే సరిచేసుకోండి అని ఇన్‌కంటాక్స్ శాఖ పంపిన సందేశం.

"రెండు నెలలు!" అంది రుఖయ్యా. "నా పేరు మీద ఉత్తరమొస్తే, వాడు సదువుకొని వాని జేబుల వెట్టుకొని కూసున్నడా? మొన్న పోతే గూడ చెప్పలేదు గదా!"

"ఇది ఇంకా హెచ్చరికే. ఈ రిటర్నుల మీద అసలు విచారణ నోటీసు వచ్చిందంటే, మనంతట మనం దిద్దుకునే దారి మూసుకుపోయేది. మంచికే తొందరగా వచ్చిన్రు." హర్షిణి ఫారం-16లు వరసగా పరిచి చాలాసేపు చూసింది. ఒకదాని దగ్గర ఆగి, మళ్లీ చూసి, పెదవి విరిచింది.

"ఏందమ్మా?"

"ఈ ఏడాది మీకు అసలు పన్నే లేదు. మీ జీతానికి కొత్త పద్ధతిలో రిటర్ను వేస్తే రూపాయి పడదు. కట్టయిన ముప్పై మూడు వేలు మొత్తం మీకు వాపసు రావాల్సిందే. ఏ అబద్ధమూ అక్కర్లేదు."

రుఖయ్యా బల్ల మీదికి వంగింది. "నిజం చెప్పినా వచ్చేదా?"

"వచ్చేది."

"మరి నా బిడ్డను ఎందుకు మంచాన పడేసిండు వాడు?"

"కొత్త పద్ధతిలో మీ ఫారం చాలా చిన్నది. మీ పాపే ఫోనులో నింపుతుంది. పాత పద్ధతిలో ఉంచితేనే ఆయన అవసరం మీకుంటుంది. ఐదో వంతు ఎవరు పోగొట్టుకుంటరు?"

రుఖయ్యా లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది. కూర్చుంటే కోపం కుదురుగా ఉండేట్టు లేదు. హర్షిణి మిగతాది చెప్పింది. ఈ ఏటిదానికి డిసెంబరు ముగిసేలోపు రిటర్ను మార్చి వేస్తే జరిమానా లేకుండా తేలిపోతుంది. పోయిన ఏటిదానికి పన్నూ వడ్డీ కట్టి, వాటి మీద ఇంకో పాతిక శాతం కట్టాలి. అంతకుముందుదానికి యాభై శాతం. అన్నీ కలిపితే లక్ష దాటుతుంది.

"వాడు తీసుకున్న ఐదో వంతు?"

"అది ఈ కాగితాల్లో ఎక్కడా లేదమ్మా."

"వాని పేరు లేదు, వాని వాటా లేదు. అబద్ధం రాసింది వాడు, కట్టేది నేను. గిదేం చట్టం మేడం?" చేత్తో బల్ల మీద చరిచింది.

హర్షిణి చట్టాన్ని వెనకేసుకు రాలేదు. "మీ కోపం న్యాయమే. కానీ శాఖ పాన్ ఎవరిదో వాళ్లనే అడుగుతుంది. చదవకుండా ఓటీపీ చెప్తే సంతకం పెట్టినట్టే. మీది మీరు కట్టేసి, చేయి కడుక్కుని, అప్పుడు ఆయన మీద ఫిర్యాదు రాయొచ్చు. ఆయనకు డబ్బు ఎట్లా ఇచ్చిన్రు?"

"ఫోనుల పంపిన."

"మూడుసార్లూ?"

"మూడుసార్లు."

"అయితే ఆయన పేరు ఎక్కడా లేదనడానికి లేదు. మీ ఫోనులో ఉంది," అంది హర్షిణి.

లేచేటప్పుడు నాజియా అడిగింది, ప్రతి ఏడూ మీ దగ్గరికే రావాలా అని. హర్షిణి తల అడ్డంగా ఊపింది. "ఒక్క జీతం, బ్యాంకు వడ్డీ అంతే ఉన్న ఏడు మీరే వేసుకోండి. ఏరియర్సు వచ్చినా, జాగ అమ్మినా, శాఖ నుంచి కాగితం వచ్చినా, మీకు అర్థంకాని మినహాయింపు ఎవరన్నా చూపిస్తామన్నా, అప్పుడు రండి. ఏరియర్సు వచ్చిన ఏడు మీకు న్యాయంగా రావాల్సిన తగ్గింపు ఒకటుంది. దానికి వేరే ఫారం ఉంటుంది, అది ఆయన వేయనేలేదు. ఇప్పుడు ఎంతవరకు కుదురుతుందో చూస్త."

ఊరి చివర కొన్న నూటిరవై గజాల జాగలో పునాదికని దాచిన డబ్బు అట్లా పన్నుకు పోయింది. రసీదులు చేతికొచ్చిన రోజు రుఖయ్యా ఏడవలేదు. ఆ కాగితాలను మడిచి పర్సులో పెట్టుకుని మొదటి షిఫ్టుకు పోయి ల్యాంపు రూం కిటికీ తెరిచింది.

లైటు కోసం వచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడిగింది. "అన్నా, నీ రిటర్ను నువ్వు సదివినవా? ఒక్కపారి తీసి సదువు."

కొందరు నవ్వారు. కొందరు, "దొరికినోల్లు దొరుకుతరు, నీకెందుకక్కా," అని విసుక్కున్నారు. మత్తయి వంతు వచ్చింది. ఆయన లైటు అందుకోలేదు.

"భూపాల్‌ను బద్నాం చేస్తున్నవట చెల్లె. ఖాతాల పైసలు పడంగ బాగుండె, ఇప్పుడు చేదైనాడా?"

"నాకు చేదైతే అయింది. నీ కాగితంల ఏం రాసిండో నువ్వు చూసినవా అన్నా?"

"నాకేం రాస్తడు? నాది ముప్పై ఏండ్ల సర్వీసు. ఒక్క మచ్చ లేదు."

"మచ్చ ఉన్నదో లేదో సదివి చెప్పు," అని లైటు ఆయన చేతిలో పెట్టి తర్వాతి మనిషిని పిలిచింది.

మూడో రోజు సాయంత్రం మత్తయి రుఖయ్యా క్వార్టరుకు వచ్చాడు. వెంట ఆయన భార్య సుసన్నా ఉంది. మనిషి చెమటతో తడిసి ఉన్నాడు. కొడుకుతో తీయించిన కాగితం బల్ల మీద పెట్టి, "సదువు బిడ్డా," అన్నాడు నాజియాతో.

నాజియా చదివి తల్లి వైపు చూసింది. మత్తయికి తనకే తీవ్ర వైకల్యం ఉందని రాసి ఉంది. చూపు ఎనభై శాతం లేదట.

"ఐదేండ్లకోసారి మెడికల్ల నా కండ్లు చూస్తరు," అన్నాడు మత్తయి. "మొన్న గూడ పాసైన. నా ఇంజిన్ తాడుకు పన్నెండు బండ్లుంటయ్ చెల్లె. కింద మనుషులు నడుస్తుంటరు. నేను గుడ్డోన్నట! గుడ్డోని చేతుల తాడు పెట్టిన్రా కంపెనోల్లు? గీ కాగితం ఆఫీసుల పడితే రేపు నన్ను ఇంజిన్ మీద కూసోనిస్తరా?"

సుసన్నా కొంగుతో ముఖం తుడుచుకుంది. "పది పన్నెండు మందిని ఈయననే తోలిచ్చిండు వాని దగ్గరికి. ఇప్పుడు వాళ్ల ఇండ్లల్ల ఏమున్నదో."

మత్తయి రుఖయ్యా ముఖంలోకి చూడలేకపోయాడు. "నిన్ను గూడ నేనే తోలిచ్చిన. మహబూబ్ ఉంటే నా కాలర్ పట్టుకుంటుండె."

"కాలర్ పట్టుకునేదుంటే వేరేటోన్ని పట్టుకుందాం అన్నా," అంది రుఖయ్యా. "ముందుగాల నీది దిద్దుకో. పెద్దపల్లికి నేను తీసుకపోత."

ఆదివారం మత్తయి తాను పంపినవాళ్ల ఇళ్లన్నీ తిరిగాడు. చదివితే ఒక్కో ఇంట్లో ఒక్కో వింత బయటపడింది. కంపెనీ క్వార్టర్లో ఉంటున్న ఒకాయన నెలకు పన్నెండు వేల కిరాయి కడుతున్నాడు. ఇంకొకాయన పేరు కూడా వినని పార్టీకి డెబ్బై వేల చందా ఇచ్చాడు. ఇద్దరు పిల్లలున్నాయనకు మూడో పిల్ల పుట్టి మంచాన పడింది. ఏడుగురు దిద్దుకోవడానికి ఒప్పుకున్నారు. మిగతావాళ్లు తలుపు వేసుకున్నారు. ఏడుగురూ, మత్తయీ, రుఖయ్యా, మొత్తం తొమ్మిది మంది సంతకాలతో కరీంనగర్ ఇన్‌కంటాక్స్ ఆఫీసుకు ఫిర్యాదు వెళ్లింది. భూపాల్‌కు ఫోనులో పంపిన డబ్బుల వివరాలు తేదీలతో సహా జతపరిచారు. ఒక నకలు పోలీసులకూ ఇచ్చారు.

వారం తిరగకముందే భూపాల్ సెంటినరీ కాలనీకి వచ్చాడు. ఈసారి వాడి ముఖంలో నవ్వు లేదు. గుమ్మంలోనే కవరు చాపాడు. "అక్కా, నా కమీషను మొత్తం వాపస్ తెచ్చిన. ఇరవై వేల నాలుగొందలు. ఇల్లు ఆగిపోయిందని తెలిసి మస్తు బాధైంది. ఆ ఫిర్యాదుల నీ ఒక్క పేరు తీసేయించు. నీ మాట మీదనే మిగతావాళ్లు కదిలిన్రు."

రుఖయ్యా కవరు వైపు చూసింది. పునాదికి ఇనుము ఎంత వస్తుందో ఆమెకు తెలుసు. ఆ లెక్క బుర్రలో ఒక్కసారి తిరిగింది కూడా.

"మిగతా ఎనమండుగురికి గూడ తెచ్చినవా?"

"గది మెల్లగ చూస్త అక్కా."

"నాకొక్కదానికి ఇచ్చి నా నోరు మూస్తే, మెల్లగ చూసే పని గూడ నీకుండదు గదా. ఈ కవరు నాకొద్దు. రేపు షిఫ్టు మారే టైముకు బాయి కాడికి రా. కిటికీ ముందర అందరుంటరు. ఎవరి పేరు మీద ఏం రాసినవో ఒక్కొక్కటి సదివి, ఎవరి పైసలు వాళ్ల చేతుల పెట్టు. అప్పుడు మాట్లాడుకుందాం."

"ఇజ్జత్ పోతదక్కా."

లోపలి గదిలోంచి నాజియా యూనిఫాంతో బయటికి వచ్చింది. డ్యూటీకి వెళ్లే వేళ. ఆమె పక్కకు తప్పుకోలేదు. వాడి ఎదురుగా నిలబడి, "నేనే అన్నా నాజియా," అంది. "ఎనభై శాతం."

భూపాల్ తల దించుకున్నాడు. కవరు జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. మర్నాడు బాయి దగ్గరికి రాలేదు. నెలలోపు ఆ దుకాణం బోర్డు దిగింది. కొత్తగూడెంలో వేరే పేరుతో తెరిచాడని కొందరు, కేసుకు భయపడి తిరుగుతున్నాడని కొందరు అన్నారు.

బ్యాంకులో సరిచేసిన రిటర్నులు ఇచ్చినా లోను వెంటనే రాలేదు. కొంత కాలం ఆగి చూస్తామన్నారు. చివరికి అడిగినదాంట్లో సగం మంజూరైంది. పూలమ్మ చాలా రోజులు రుఖయ్యా గుమ్మం ముందు ఊడ్చి, మాట్లాడకుండా పోయింది. ఒకరోజు తనంతట తనే ఆగి, "ఆ ఫిర్యాదు ఏమైందక్కా?" అని అడిగింది. "నడుస్తున్నది," అంది రుఖయ్యా. "నడవనియ్, వదలకు," అని పూలమ్మ వెళ్లిపోయింది.

వేసవిలో కరీంనగర్ నుంచి పిలుపొచ్చింది. రుఖయ్యా, మత్తయి బస్సెక్కి వెళ్లారు. అధికారి ఒక్కొక్కరి వాంగ్మూలం రాసుకున్నాడు. డబ్బు ఎప్పుడిచ్చారు, ఎట్లా ఇచ్చారు, ఓటీపీ ఎవరడిగారు. రుఖయ్యా దాచకుండా చెప్పింది. తాను అడగకపోవడం కూడా చెప్పింది.

"మీరు పన్ను కట్టేశారు. మీ వరకు అయిపోయినట్టే కదమ్మా," అన్నాడాయన చివర. "ఇట్లాంటి కేసులు తేలడానికి చాలా కాలం పడుతుంది. మళ్లీ మళ్లీ రావాల్సి ఉంటుంది. జీతం పోతుంది మీకు."

"నా వరకు కాలేదు సార్," అంది రుఖయ్యా. "నేను కట్టింది నా తప్పుకు. వాని తప్పుకు ఇంకా ఎవ్వరు కట్టలేదు. బిడ్డ ఉన్నది, గది పెట్టిన అన్నడు వాడు నాతోని. గా మాట గూడ రాయున్రి."

అధికారి ఆమె ముఖం ఒకసారి చూసి, ఆ వాక్యం కూడా రాశాడు. చదివి వినిపించాడు. రుఖయ్యా కాగితం తన ముందుకు తిప్పుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా తానే మళ్లీ చదివింది. మత్తయి బస్సు టైమవుతోందని గుర్తు చేసినా తొందరపడలేదు. అంతా చదివాక సంతకం పెట్టింది. ఆ రోజు మస్టరు, దాంతో ఆ రోజు జీతం పోయింది. ఎన్నిసార్లు పిలిచినా వస్తానని చెప్పి లేచింది.